పదిహేను నెలల్లో మళ్లీ లేచిన రాజభవనం

నమస్కారం. వింటర్ ప్యాలెస్ పేరు వినగానే మనవాళ్లలో చాలామందికి 1917 రష్యా విప్లవం గుర్తుకొస్తుంది. మాస్కోలో తెలుగులో అచ్చయి, విశాలాంధ్ర దుకాణాల్లో కారుచౌకగా దొరికిన సోవియట్ పుస్తకాలు చదువుతూ పెరిగిన తరానికైతే చెప్పనే అక్కర్లేదు. అక్టోబరు రాత్రి, ఎర్ర సైనికులు, తాత్కాలిక ప్రభుత్వ మంత్రుల అరెస్టు. ఆ మంత్రులు సమావేశాలు జరుపుకున్న గదిని మలకైట్ గది అంటారు. ఉరల్ కొండల్లో తవ్విన ఆకుపచ్చ రాయి తాపడం చేసిన స్తంభాలు, పైనా కిందా బంగారు పూత. సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్లినవాళ్లు అక్కడ ఫోటో దిగకుండా రారు.

అయితే రాస్త్రెల్లి అనే ఇటాలియన్ వాస్తుశిల్పి 1754లో మొదలుపెట్టి 1762లో ముగించిన అసలు భవనంలో ఈ గది లేదు. ఈ చోట తరువాతి కాలంలో జాస్పర్ రాతితో అలంకరించిన మరో గది వెలిసింది. అది 1837 డిసెంబరులో కాలిపోయింది. అదొక్కటే కాదు, రష్యా చక్రవర్తి నివాసమంతా బయటి గోడలు మాత్రం మిగిలి, లోపలంతా బూడిదైంది. మనం ఈ రోజు చూస్తున్న మెరుపులో అత్యధిక భాగం ఆ మంట తరువాత చేసిందే.

ఆ మంట గురించి మాట్లాడుకుందాం. నిజానికి మంట కంటే దానికి ముందున్న తొందర, దాని వెనకాల వచ్చిన తొందర, ఈ రెండూ నన్ను ఎక్కువగా పట్టుకున్నాయి. అగ్నిప్రమాదాల చరిత్ర చెప్పేటప్పుడు అందరూ జ్వాలల దగ్గరే ఆగిపోతారు. ఇక్కడ అసలు కథ ఆ జ్వాలలకు నాలుగేళ్ల ముందు, ఒక గోడ లోపల మొదలవుతుంది.

1833లో జార్ మొదటి నికోలస్‌కు రెండు కొత్త హాళ్లు కావాలనిపించింది. ఒకటి పీటర్ చక్రవర్తి పేరిట చిన్న సింహాసన మందిరం. రెండోది రష్యన్ సైన్యపు మహా సేనానుల చిత్రపటాలు పెట్టడానికి ఫీల్డ్ మార్షళ్ల హాలు. పని ఫ్రెంచి వాస్తుశిల్పి మోంఫెరాన్‌కు అప్పగించారు. సామాన్యుడు కాదు. ప్యాలెస్ ముందున్న చౌకులో ఆకాశంలోకి లేచిన ఏకశిలా గ్రానైట్ స్తంభం, అలెగ్జాండర్ స్తంభం, అతని పనే. అదే ఊళ్లోని సెయింట్ ఐజాక్ కెథడ్రల్ కూడా అతనిదే. కానీ జార్ మాట అంటే గడువు. గడువు అంటే చెక్క. ఇటుక గోడలకు ముందు చెక్కతో దొంగ గోడలు నిలబెట్టి, మీద పూత పూసి, చలువరాయిలా కనిపించేటట్టు చేశారు. అసలు గోడకూ ఈ చెక్క గోడకూ మధ్య ఖాళీ మిగిలింది. ఆ ఖాళీలోకి పొగగొట్టం నుంచి తెరుచుకునే ఒక రంధ్రం ఉంది. దాన్ని మూయకుండానే ముందు చెక్క బిగించేశారు.

ఆ పొగగొట్టం ఎక్కడి నుంచి వస్తోందంటే, కింద ఉన్న మందుల తయారీ గదిలోని పొయ్యి నుంచి. రష్యా చలికాలం సంగతి తెలిసిందే కదా. కట్టెలు మోసే పనివాళ్లు రాత్రిళ్లు ఆ గదిలో వెచ్చగా పడుకునేవాళ్లు. పొయ్యిలోని వేడి పైకి పోకుండా పొగగొట్టానికి ఉన్న కంతలో నారచాప కుక్కేవాళ్లు. చక్రవర్తి ఇంట్లోని పనివాడికి వెచ్చగా పడుకునే చోటు అంతకంటే దొరకలేదు. విచారణలో ఈ చాప సంగతి బయటికి రాగానే, సహజంగానే, నేరం చాప మీదికి పోయింది. నా మటుకు నాకు చాప కుక్కినవాడి తప్పు రెండో తప్పు. రంధ్రం మూయకుండా చెక్క బిగించి, నాలుగు శీతాకాలాల పాటు ఆ చెక్కను పొగ వేడికి పెళుసుగా ఎండబెట్టింది మొదటి తప్పు.

ప్రమాదానికి రెండు రోజుల ముందే పొగ వాసన వచ్చింది. సిబ్బంది వెతికారు. కింద పొయ్యి దగ్గర చూశారు, ఏదో సర్దారు, వాసన తగ్గింది. గోడ వెనక ఏముందో చూడాలంటే జార్ ముచ్చటపడి కట్టించుకున్న హాలు గోడను పగలగొట్టాలి. ఆ మాట ఎవరు అంటారు?

డిసెంబరు 17. ఇది అప్పటి రష్యన్ క్యాలెండర్ తేదీ, మన లెక్కలో డిసెంబరు 29. ఆ సాయంత్రం జార్ దంపతులు నాటకశాలలో ఉన్నారు. ప్రఖ్యాత నర్తకి మరియా తాల్యోని ఆడుతోంది. విచిత్రం ఏమిటంటే, ఆ రాత్రి ఆడుతున్న బ్యాలే భారతదేశపు దేవదాసి చుట్టూ అల్లిన కథ. యూరప్ ఊహించుకున్న భారతదేశమే అనుకోండి, మన దేశంతో దానికి పెద్దగా సంబంధం లేదు. ఆ ఆట మధ్యలో కబురు వచ్చింది. ఫీల్డ్ మార్షళ్ల హాలులో పొగ వస్తోందని.

నికోలస్ నేరుగా ప్యాలెస్‌కు వచ్చాడు. ముందు పిల్లల గదుల వైపు వెళ్లి, వాళ్లను అనిచ్కోవ్ ప్యాలెస్‌కు పంపించమన్నాడు. అప్పటికి హాలులో అగ్నిమాపక సిబ్బంది పొగ వస్తున్న చోట చెక్క గోడను పగలగొట్టారు. అంతవరకు గాలి ఆడక లోలోపల రగులుతున్న మంటకు ఒక్కసారిగా ఊపిరి అందింది. గోడ పొడవునా జ్వాల లేచింది. చూస్తుండగానే పక్కనున్న పీటర్ హాలుకు అంటుకుంది.

అక్కడి నుంచి పైకి. ఇది గమనించండి, ఎందుకంటే భవనం మొత్తం పోవడానికి కారణం ఇదే. ప్యాలెస్ పైకప్పు కింద అటక అంతా చెక్క దూలాలే. డెబ్భై అయిదేళ్లుగా ఎండుతున్న దూలాలు. అంత పెద్ద భవనానికి ఈ కొస నుంచి ఆ కొస వరకు అటక ఒకటే, మధ్యలో మంటను ఆపే ఇటుక అడ్డుగోడలు లేవు. మంట కింద గదుల్లో తలుపు తరువాత తలుపు దాటుకుంటూ రానక్కర్లేకపోయింది. పైన పరుగెత్తి, తరువాత ఒక్కొక్క గది కప్పు మీద నుంచి కిందకి దిగింది. అటకలో దారి కోసి మంటను ఆపాలని చూశారు. పొగలో మనుషులు నిలబడలేకపోయారు.

ఇది చాలదన్నట్టు అదే రాత్రి ఊళ్లో మరోచోట, పేదలు ఉండే రేవు వాడ గలేర్నయ గావన్‌లో, ఇంకో మంట లేచింది. జార్ తన పెద్ద కొడుకు, యువరాజు అలెగ్జాండర్‌ను అక్కడికి పంపాడు, కొంత అగ్నిమాపక బలగంతో సహా. సొంత ఇల్లు కాలుతుంటే బలగాన్ని విడదీసి పేదల వాడకు పంపాడని ఆస్థాన రచయితలు దీన్ని గొప్పగా రాసుకున్నారు. గొప్పే, కాదనను.

ఇక సామాను. ప్యాలెస్ పక్కనే బారకాసులు ఉన్న ప్రియోబ్రజెన్‌స్కీ దళం, ఇతర గార్డు దళాలు రంగంలోకి దిగాయి. నెపోలియన్ మీద గెలిచిన సేనాధిపతుల చిత్రపటాలు మూడు వందలకు పైగా వేలాడే యుద్ధ గ్యాలరీ సరిగ్గా మంటల దారిలో ఉంది. సైనికులు ఆ బొమ్మలన్నిటినీ గోడల నుంచి దింపి బయటికి మోశారు. దళాల పతాకాలు, సింహాసనం, చర్చి సామగ్రి, వజ్రాలు, వెండి పాత్రలు, కుర్చీలు, గడియారాలు అన్నీ బయట మంచులో, అలెగ్జాండర్ స్తంభం చుట్టూ కుప్పలు పడ్డాయి. మోంఫెరాన్ బిగించిన గోడ నుంచి లేచిన మంటకు పారిపోయి వచ్చిన సామాను మోంఫెరాన్ నిలబెట్టిన స్తంభం కిందే తలదాచుకుంది.

ఆ సామాను గురించి ఒక కథ చెప్పుకుంటారు. అంత సంపద చౌకులో ఆరుబయట పడి ఉన్నా ఒక్క వెండి కాఫీ కూజా తప్ప ఏమీ పోలేదట. ఆ కూజాను కూడా ఊళ్లో ఎవరూ కొనలేదట. వసంతంలో మంచు కరిగాక చిన్న బంగారు నగ ఒకటి నేల మీద దొరికిందట. ఇందులో ప్రజల నిజాయితీ ఎంతో, చుట్టూ వలయం కట్టి నిలబడ్డ సైనికుల తుపాకులు ఎన్నో, మీరే లెక్క వేసుకోండి.

మరో కథ ఇంకా ప్రసిద్ధం. ఒక గదిలో గోడకు బిగించిన పెద్ద అద్దాన్ని ఊడదీయడానికి సైనికులు తంటాలు పడుతున్నారు. మంట దగ్గరికొచ్చేసింది. వదిలేయండని జార్ అరిచినా వాళ్లు వినలేదు. అప్పుడు నికోలస్ చేతిలో ఉన్న బైనాక్యులర్‌ను, నాటకశాల నుంచి తెచ్చుకున్నదాన్ని, అద్దం మీదికి విసిరాడు. అద్దం ముక్కలైంది. అద్దం కంటే మీ ప్రాణాలు నాకు ఎక్కువ, ఇక పదండి అన్నాడట. ఈ కథను మనసులో పెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఆ రాత్రి నిజంగా దక్కింది హెర్మిటేజ్. క్యాథరిన్ మహారాణి కాలం నుంచి పోగుచేసిన చిత్రాలు, శిల్పాలు ఉన్న భవనం అది, ప్యాలెస్‌కు ఆనుకునే ఉంది. రెండిటినీ కలిపే నడవలను కూల్చేయించారు. హెర్మిటేజ్ వైపు తలుపులు, కిటికీలు ఇటుకలతో మూసేశారు. గోడ మీద నీళ్లు కొడుతూనే ఉన్నారు. రెంబ్రాంట్ చిత్రాలు ఈ రోజు అక్కడ ఉన్నాయంటే ఆ చలిలో ఇటుక పేర్చిన చేతుల పుణ్యమే. ప్యాలెస్‌ను మాత్రం వదులుకున్నారు. దాదాపు ముప్పై గంటలు మండింది, శిథిలాలు మూడో రోజు వరకు పొగలు కక్కాయి. లోపల చిక్కుకుని సైనికులు కొందరు చనిపోయారు.

ఇక్కడ ఒక చిన్న సంగతి. యువరాజుకు చదువు చెప్పిన కవి జుకోవ్‌స్కీ ఈ ప్రమాదం మీద వ్యాసం రాశాడు. జార్‌ను పొగుడుతూనే రాశాడు. అయినా జార్ అచ్చు వేయనివ్వలేదు. ఇంకో పక్క, పారిస్‌లో మాత్రం ఫ్రెంచి భాషలో ఒక చిన్న పుస్తకం వచ్చింది, రాసింది రష్యన్ కవే, ప్రిన్స్ వ్యాజెంస్కీ. అంటే బయటివాళ్ల ముందు పరువు కాపాడుకోవాలి. సొంత జనం ఎక్కువ మాట్లాడుకోకూడదు. అంతకు 12 ఏళ్ల ముందు, 1825 డిసెంబరులో, సింహాసనం ఎక్కిన రోజునే సైనిక తిరుగుబాటు చూసిన రాజు నికోలస్. మళ్లీ డిసెంబరులోనే ఇల్లు కాలిందంటే జనం దాన్ని ఏమని చదువుకుంటారో అతనికి బాగా తెలుసు.

అందుకే ఆజ్ఞ వచ్చింది. ప్యాలెస్ మళ్లీ లేవాలి, ముందున్నట్టే లేవాలి, 1839 ఈస్టర్ పండుగ అక్కడే జరగాలి. లెక్క వేయండి. మంట ఆరింది 1837 డిసెంబరు చివర. ఈస్టర్ మార్చి చివర. పదిహేను నెలలు. మన పొరుగున మైసూరు పాత చెక్క ప్యాలెస్ 1897లో రాకుమారి జయలక్ష్మమ్మణ్ణి పెళ్లి సమయంలో కాలిపోతే, హెన్రీ ఇర్విన్ గీసిన కొత్త ప్యాలెస్ పూర్తయ్యేసరికి 1912 వచ్చింది. అక్కడ పదిహేనేళ్లు. ఇక్కడ పదిహేను నెలలు, అందులో రెండు శీతాకాలాలు.

పనిని ఇద్దరు వాస్తుశిల్పులకు పంచారు. వైభవ మందిరాలు, చర్చి, వెలుపలి భాగం స్తాసొవ్‌కు. రాజకుటుంబం ఉండే గదులు బ్ర్యుల్లొవ్‌కు. మోంఫెరాన్‌ను ఈ పక్కకు రానివ్వలేదు, కెథడ్రల్ పని మాత్రం ఉంచారు. వీళ్లందరి మీద కొరడా పట్టుకుని జనరల్ క్లైన్‌మిఖేల్.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఇంజనీరింగ్ పరంగా ఇది అద్భుతమైన పని. చెక్క మళ్లీ అంటుకోకూడదని పైకప్పు దూలాలను ఇనుముతో చేశారు. అలెక్సాండ్రొవ్‌స్కీ పోత ఇనుము కార్ఖానాలో, మాత్యూ క్లార్క్ ఆధ్వర్యంలో, వాటిని తయారు చేశారు. 1838లో అంత విశాలమైన భవనానికి ఇనుప కప్పు అంటే యూరప్‌లోనే అరుదైన సంగతి. కొన్ని గదుల కప్పులకు బరువు తగ్గాలని లోపల బోలుగా ఉన్న మట్టి కుండలను పేర్చి కమానులు కట్టారు. మట్టి కాలదు, తేలిగ్గా ఉంటుంది, పైగా లోపలి గాలి చలిని ఆపుతుంది. గదిగదికీ పొయ్యి ఉండే పద్ధతి తగ్గించి, అమొసొవ్ అనే అధికారి రూపొందించిన వేడిగాలి పొయ్యిలు కింద నేలమాళిగల్లో పెట్టారు. గాలి అక్కడ వేడెక్కి గోడల్లోని మార్గాల గుండా పైకి వస్తుంది. మంట భయం తగ్గింది. కాకపోతే ఆ పొడి గాలికి బొమ్మలు, కర్ర సామాను పగుళ్లు ఇచ్చాయని తరువాతి తరాలు తిట్టుకున్నాయి.

అయితే కొత్త గోడల తడి ఆరాలి. సున్నం, ఇటుక, గార, వీటికి కాలం కావాలి. కాలమే లేదు. కాబట్టి లోపల పొయ్యిలు రాజేసి రాత్రీపగలూ మండించారు.

1839 వేసవిలో మార్కీ ద కుస్తీన్ అనే ఫ్రెంచి ప్రభువు రష్యా వచ్చాడు. జార్ కూతురు మరియా పెళ్లి వేడుకలు కొత్తగా లేచిన ఈ ప్యాలెస్‌లోనే చూశాడు. మెరుపుకు కళ్లు చెదిరాయి. తరువాత, ఇది ఇంత త్వరగా ఎలా సాధ్యమైందని అడగడం మొదలుపెట్టాడు. 1843లో పారిస్‌లో వచ్చిన తన పుస్తకంలో ఏం రాశాడంటే, పనిలో ఆరు వేల మంది ఉన్నారని. బయట సున్నాకు 26 నుంచి 30 డిగ్రీల కింద చలి ఉంటే, లోపల గోడలు ఆరడానికి గదులను 30 డిగ్రీల దాకా వేడి చేశారని. మరీ వేడిగా ఉన్న గదుల్లో గోడలకు పని చేసేవాళ్లు తల తిరిగి పడిపోకుండా మంచు పెట్టిన టోపీలు పెట్టుకున్నారని. లోపలికీ బయటికీ వెళ్లేటప్పుడు అరవై డిగ్రీల తేడా తట్టుకోలేక రోజూ మనుషులు చనిపోయేవాళ్లని, మరునాడు వాళ్ల చోట్లో వేరేవాళ్లు నిలబడేవాళ్లని.

కుస్తీన్‌ను గుడ్డిగా నమ్మాలా? అక్కర్లేదు. అతను విన్నది రాశాడు, కళ్లతో చూసింది కాదు. రష్యా అంటే అతనికి మంట, ఆ పుస్తకాన్ని రష్యాలో నిషేధించారు కూడా. కానీ అతను విప్లవవాది మాత్రం కాదు. తండ్రినీ తాతనూ ఫ్రెంచి విప్లవం గిలటిన్ ఎక్కించింది. నిరంకుశ రాజరికమే మేలని నిరూపించుకుందామని రష్యా వెళ్లి, రాజ్యాంగం ఉండాల్సిందేనని తిరిగొచ్చినవాడు. అంకెలను అటూ ఇటూ సవరించుకోండి. గడువును మాత్రం సవరించలేరు. ఆ గడువులో, ఆ చలిలో, తడి గోడలు ఎలా ఆరాయన్న ప్రశ్నకు ఇంకో సమాధానం లేదు.

అద్దం కథ మనసులో పెట్టుకోమన్నాను కదా. ఆ రాత్రి ఎదురుగా నిలబడ్డ సైనికుల ప్రాణం అద్దం కంటే విలువైనదని అన్న మనిషే, కంటికి కనిపించని కూలీల విషయంలో ఈస్టర్ తేదీని ఒక్క రోజు కూడా జరపలేదు. అప్పటి రష్యాలో కూలీ అంటే చాలావరకు భూస్వామికో రాజ్యానికో కట్టుబడ్డ రైతు. పని మానేసి పోతానంటే పోవడానికి వీల్లేదు. నికోలస్ ఆ రాత్రి నటించాడని నేను అనను. అద్దం దగ్గర ఉన్నవాళ్లకు ముఖాలున్నాయి. పరంజాల మీద ఉన్నవాళ్లు అతనికి ఒక పద్దు.

ఈస్టర్ నాటికి ముఖ్యమైన మందిరాలు సిద్ధమయ్యాయి. పనిలో పాల్గొన్నవాళ్లకు పతకాలు ఇచ్చారు. ఒక వైపు ధన్యవాదాలు తెలుపుతూ మాట, రెండో వైపు ప్యాలెస్ బొమ్మతో పాటు శ్రద్ధ అన్నిటినీ జయిస్తుందన్న వాక్యం. క్లైన్‌మిఖేల్‌కైతే కౌంట్ బిరుదు కూడా వచ్చింది, అదే వాక్యం అతని వంశ చిహ్నం మీదికి ఎక్కింది.

రెండున్నరేళ్లు తిరగలేదనే చెప్పాలి. 1841 ఆగస్టులో ఒక రాత్రి సెయింట్ జార్జ్ హాలు, అంటే జార్ మహా సింహాసన మందిరం, దాని కప్పు కూలింది. దీపాల గుత్తులతో సహా కిందికి వచ్చింది. రాత్రి కావడంతో హాలు ఖాళీగా ఉంది. పగలు దర్బారు వేళ అయి ఉంటే రష్యా చరిత్ర వేరేగా ఉండేది. శ్రద్ధ అన్నిటినీ జయిస్తుంది కానీ తడి ఆరని గారను, తొందరలో బిగించిన బోల్టును జయించడం కొంచెం కష్టం. హాలును మళ్లీ కట్టారు. 1906లో రెండో నికోలస్ మొట్టమొదటి దూమా, అంటే రష్యా పార్లమెంటు, సభ్యులను పిలిచి ప్రసంగించింది ఆ హాలులోనే.

మీలో ఎవరైనా ఇప్పుడు హెర్మిటేజ్ మ్యూజియంలో భాగమైన ఈ ప్యాలెస్ చూడటానికి వెళితే ఏది పాతది, ఏది కొత్తది అన్న గందరగోళం వస్తుంది. వెలుపలి గోడల రూపం రాస్త్రెల్లిదే. జోర్డాన్ మెట్లు అనే ప్రధాన మెట్ల వరుస అతని పద్ధతిలోనే మళ్లీ కట్టిందే, కానీ పైనున్న స్తంభాలు బూడిదరంగు గ్రానైట్‌వి, అవి స్తాసొవ్ పెట్టించినవి. ఫీల్డ్ మార్షళ్ల హాలు, పీటర్ హాలు మోంఫెరాన్ నమూనా ప్రకారమే, ఈసారి గోడ వెనక చెక్క ఖాళీలు లేకుండా, స్తాసొవ్ తిరిగి చేశాడు. మలకైట్ గది పూర్తిగా బ్ర్యుల్లొవ్ సృష్టి.

యుద్ధ గ్యాలరీలో ఇంకో సంగతి ఉంది. అక్కడ సేనాధిపతుల బొమ్మల మధ్య 13 చట్రాల్లో బొమ్మ ఉండదు, ఆకుపచ్చ గుడ్డ, కింద పేరు మాత్రం ఉంటాయి. వీటిలోని బొమ్మలు మంటలో కాలిపోయి ఉంటాయని అనుకోవద్దు. ఆ పదముగ్గురి రూపం గీయడానికి ఆధారం దొరకక మొదటి నుంచీ ఖాళీగానే ఉన్నాయి. గోడ మీద ఉన్న బొమ్మలన్నిటినీ ఆ రాత్రి సైనికులు బయటికి తెచ్చారు.